స్పీడ్‌వే రెండో డివిజన్: విడిగా నడపాలా, కలిపేయాలా, రైడర్లని పంచుకోవాలా?

స్పీడ్‌వే అంటే మట్టి ట్రాక్ మీద జట్లుగా ఆడే మోటార్‌సైకిల్ పందెం. 2018 సీజన్‌లో బ్రిటిష్ స్పీడ్‌వే పై డివిజన్ టైటిల్ పూల్ పైరేట్స్ గెలిచింది. రెండో డివిజన్ టైటిల్ వర్కింగ్టన్ కామెట్స్‌కి దక్కింది. వర్కింగ్టన్ అయితే లీగ్ ఒక్కటే కాదు, నాకౌట్ కప్, షీల్డ్ కూడా గెలిచి మూడు కప్పులూ ఇంటికి తీసుకెళ్లింది. తర్వాత ఏమైందో చూడండి. మూడు కప్పులు గెలిచిన వర్కింగ్టన్ 2019లో అసలు ట్రాక్ మీదకే రాలేదు, మూతపడింది. పూల్ ఇంకో ఏడాది పైన ఉండి, 2020కి తనంతట తానే రెండో డివిజన్‌లోకి దిగిపోయింది. ఓడిపోయి దిగలేదు. లెక్కలు చూసుకుని దిగింది. 2020 సీజన్ కోవిడ్‌తో పోయింది కానీ 2021, 2022లో వరసగా రెండో డివిజన్ టైటిల్ పూల్‌దే.

గెలిచినవాడు దుకాణం మూసేస్తాడు, పైనున్నవాడు కావాలని కిందికొస్తాడు. అలాంటి రెండో డివిజన్ ఎందుకు ఉన్నట్టు? దాన్ని ఎలా నడిపితే మేలు? బ్రిటన్‌లో ఇప్పటికి మూడు పద్ధతులు చూశారు. 1968లో రెండో డివిజన్‌ని పూర్తిగా వేరుగా పెట్టారు. 1995లో రెండిటినీ కలిపేసి ఒకటే లీగ్ చేశారు. ఇప్పుడు లీగ్‌లు రెండున్నా, ఒకే రైడర్ రెండిట్లోనూ వేర్వేరు క్లబ్బులకి తిరుగుతాడు. దీన్ని వాళ్లు డబ్లింగ్ అప్ అంటారు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. సుమారు 300 మీటర్ల అండాకారపు ట్రాక్, పైన షేల్ అనే వదులు మట్టి. నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు, నిమిషం అటూ ఇటూ. బండి 500 సీసీ, ఒకే సిలిండర్, మిథనాల్ మీద నడుస్తుంది. ఒకటే గేరు, బ్రేకులు ఉండవు. ఎడమవైపే తిరగాలి, అది కూడా వెనక చక్రాన్ని జారనిచ్చి. మొదటివాడికి 3 పాయింట్లు, తర్వాత 2, 1, ఆఖరివాడికి సున్నా. జట్టుకి ఏడుగురు, మ్యాచ్‌కి 15 హీట్లు, అంటే రేసులు. అందుకే స్కోరు 45–45 అంటే సమానం అన్నమాట. ఈ ఏడుగురిలో చివరి ఇద్దరు రిజర్వులు. రెండో హీట్ వాళ్లదే. ఈ రిజర్వు సీట్లు ఎవరికి ఇస్తున్నారన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

1965లో పాత నేషనల్ లీగ్, ప్రొవిన్షియల్ లీగ్ రెండూ కలిసి 18 జట్ల బ్రిటిష్ లీగ్ అయ్యాయి. చూడటానికి బాగుంది. కానీ కొత్త కుర్రాడు ఎక్కడ నేర్చుకోవాలి? అన్నీ పెద్ద జట్లే, మొదటి సీజన్ కుర్రాణ్ని ఎవరు దింపుతారు? మూడేళ్లు తిరక్కుండానే 1968లో డివిజన్ టూ పెట్టాల్సొచ్చింది. పది జట్లు: బెల్ వ్యూ కోల్ట్స్, నెల్సన్, రీడింగ్, క్రేఫర్డ్, రేలీ, ప్లిమత్, మిడిల్స్‌బ్రో, కాంటర్బరీ, బెరిక్, వెయ్‌మత్. మాంచెస్టర్ పెద్ద జట్టు బెల్ వ్యూ ఏసెస్ తన హైడ్ రోడ్ ట్రాక్ మీదే పిల్లల జట్టుని నడిపింది. ఆ కోల్ట్సే 1968లోనూ 1969లోనూ గెలిచారు. 1970లో ఆ జట్టుని రాచ్‌డేల్‌కి మార్చి హార్నెట్స్ అని పేరు పెట్టారు. 1971లో అక్కడ మొదలుపెట్టిన పీటర్ కాలిన్స్ 1976లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అయిదేళ్లలో!

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇప్స్‌విచ్ కథ. 1969లో డివిజన్ టూలోకి వచ్చారు. 1970లో జాన్ లూయిస్ అనే స్క్రాంబ్లింగ్ (గతుకుల నేల మీద బండి పందెం, ఇప్పటి మోటోక్రాస్) రైడర్ అక్కడే స్పీడ్‌వే మొదలుపెట్టాడు. 1972లో క్లబ్బు పైకి వెళ్లింది, లూయిస్ కూడా దానితోనే వెళ్లాడు. 1975లో వెంబ్లీలో ప్రపంచ ఫైనల్‌లో మూడో స్థానం అతనిది. ఆ ఏడూ తర్వాతి ఏడూ ఇప్స్‌విచ్ బ్రిటిష్ లీగ్ గెలిచింది. ఊరు, క్లబ్బు, రైడర్ ముగ్గురూ ఒకే మెట్లెక్కారు. ఇలాంటిది మాటల్లో చెబితే నమ్మేలా ఉండదు గానీ, అప్పట్లో వీలయ్యింది.

మరో ఉదాహరణ క్రూ కింగ్స్. 1972లో రెండో డివిజన్ లీగూ, కప్పూ రెండూ వాళ్లవే. ఆ జట్టులో ఫిల్ క్రంప్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు ఉన్నాడు. ఇంగ్లండ్ వచ్చి రెండో ఏడే. నాలుగేళ్లకి ప్రపంచ ఫైనల్‌లో మూడో స్థానంలో నిలిచాడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

అప్పుడు కూడా రైడర్లని పంచుకోవడం లేకపోలేదు. పై జట్టుకి మనిషి తక్కువైతే కింది జట్టు కుర్రాణ్ని పిలిచేవారు. కానీ పిలుపు కిందినుంచి పైకి. కుర్రాడికి రెండు మూడు రేసులు పెద్దవాళ్లతో, తర్వాత మళ్లీ తన జట్టు. రెండో డివిజన్‌లో అతని సీటు అతనికే ఉండేది.

కలిపేయడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, రెండు సీజన్లే నడిచింది కాబట్టి. 1995లో 21 జట్లతో ఒకటే ప్రీమియర్ లీగ్ పెట్టారు. గెలిచింది ఈస్ట్‌బోర్న్. 1996లో 19 జట్లు, గెలిచింది వోల్వర్‌హాంప్టన్. 1993, 1994లో రెండో డివిజన్ చాంపియన్ అయిన గ్లాస్గో ఉన్నట్టుండి బ్రాడ్‌ఫర్డ్, క్రాడ్లీలాంటి పై డివిజన్ జట్లతో పోటీ పడాలి. పెద్ద క్లబ్బు ఖర్చు పెట్టగలిగింది చిన్న క్లబ్బు పెట్టలేదు. 1997లో మళ్లీ విడగొట్టారు: పైన ఎలీట్ లీగ్, కింద ప్రీమియర్ లీగ్. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. కలిపేసిన మరుసటి ఏడే, 1996లోనే, కొత్తవాళ్ల కోసం కాన్ఫరెన్స్ లీగ్ అని ఒకటి పెట్టాల్సొచ్చింది. 1965లో కలిపితే 1968లో కింది డివిజన్, 1995లో కలిపితే 1996లో కింది లీగ్. పై అంతస్తు ఎంత పెద్దగా కట్టినా కింద మెట్లు కావాలని ఈ ఆట రెండుసార్లు చెప్పింది. కాబట్టి కలిపేయమనేవాళ్లతో నేను వాదించను. ఆ పద్ధతి రెండేళ్లలో దానంతటదే ఓడిపోయింది.

విడగొట్టిన తర్వాతి కాలం ఎంతో కొంత పాత రోజుల్లానే పనిచేసింది. 2006లో క్రిస్ హోల్డర్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు ఐల్ ఆఫ్ వైట్ జట్టుకి వచ్చాడు. 2012లో ప్రపంచ చాంపియన్. 2007లో రై హౌస్ రెండో డివిజన్ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో టై వాఫిండెన్ ఉన్నాడు. ఆ సీజన్ మొదట్లో అతనికి 16 ఏళ్లు. తర్వాత 2013, 2015, 2018లో మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రెండో డివిజన్ వల్ల ఆటకి ఏం ఒరిగిందని అడిగితే ఈ రెండు పేర్లు చాలు.

ఇక ఇప్పటి పద్ధతి. 2017 నుంచి పై డివిజన్ పేరు ప్రీమియర్‌షిప్, రెండోది చాంపియన్‌షిప్. ప్రీమియర్‌షిప్ ఎక్కువగా సోమ, గురువారాలు. చాంపియన్‌షిప్‌లో పూల్ బుధవారం, ఎడిన్‌బరో శుక్రవారం, బెరిక్ శనివారం. అంటే రైడర్‌కి వారంలో రెండు జట్లకి తిరగడానికి వీలుంది. డానీ కింగ్ 2021లో ఇప్స్‌విచ్‌కి పైన, పూల్‌కి కింద నడిపాడు. మనకి ఇది మరీ వింత కాదు. సిరాజ్ రంజీలో హైదరాబాద్‌కి ఆడి, ఐపీఎల్‌లో ఏళ్లతరబడి బెంగళూరుకి ఆడాడు. కాకపోతే అక్కడ ఒక టోర్నీ అయ్యాక ఇంకోటి. ఇక్కడ రెండు లీగ్‌లూ ఒకే వేసవిలో, ఒకే వారంలో నడుస్తాయి. సోమవారం కిందపడి భుజం విరిగితే బుధవారం ఇంకో ఊళ్లో ఇంకో జట్టుకీ మనిషి లేనట్టే.

రైడర్ వైపు నుంచి చూస్తే దీన్ని తప్పుపట్టలేం. వీళ్లకి డబ్బు పాయింట్లని బట్టి వస్తుంది. ఇంజిన్లు, టైర్లు, వ్యాన్, మెకానిక్ అన్నీ సొంత ఖర్చు. రెండో జట్టు లేకపోతే చాలామంది పగలు వేరే ఉద్యోగం చేయాలి, చాలామంది చేస్తారు కూడా. క్లబ్బుకీ లాభమే, పేరున్నవాడు వస్తే జనం వస్తారు.

2021లో ప్లిమత్ గ్లాడియేటర్స్ జట్టు చూడండి. జేసన్ క్రంప్! 2004, 2006, 2009లో మూడుసార్లు ప్రపంచ చాంపియన్. రిటైరై ఏళ్లయ్యాక తిరిగొచ్చి, పైన ఇప్స్‌విచ్‌కి, కింద ప్లిమత్‌కి సంతకం చేశాడు. ఆ ఏడు అతనికి 46 నిండుతాయి. క్రూ జట్టులో ఫిల్ క్రంప్ అని చెప్పానే, ఆయన కొడుకే ఇతను. 1972లో తండ్రికి రెండో డివిజన్ మొదటి మెట్టు. 2021లో కొడుక్కి అది కెరీర్ చివర్లో రెండో సంతకం. ఇతను వచ్చినందుకు ప్లిమత్ జనం సంతోషపడ్డారంటే నాకు అర్థమవుతుంది. అక్కడుంటే నేనూ టికెట్ కొనేవాణ్ని. కానీ ఆ ఒక్క సీటు గురించి ఆలోచించాలి కదా.

ఇక్కడే సగటు లెక్క అడ్డొస్తుంది. ప్రతి రైడర్‌కీ ఒక సగటు ఉంటుంది: వచ్చిన పాయింట్లని రేసుల సంఖ్యతో భాగించి నాలుగుతో గుణిస్తారు. ఏడుగురి సగటుల మొత్తం ఒక పరిమితి దాటకూడదు. అందుకే గెలిచిన జట్టు మరుసటి ఏడాది అలాగే ఉండదు. గెలిస్తే సగటులు పెరుగుతాయి, ఎవరినో ఒకర్ని వదులుకోవాలి. దీని వల్ల పంచుకునే పద్ధతికి ఒక గట్టి వాదన దొరుకుతుంది: పై డివిజన్ నుంచి తొమ్మిది పాయింట్ల మొనగాణ్ని తెచ్చుకుంటే, ఆ బరువు సరిచేయడానికి రిజర్వు సీట్లలో రెండు మూడు పాయింట్ల కుర్రాళ్లని పెట్టక తప్పదు. అంటే స్టార్ రావడం వల్లే పిల్లలకి చోటు దొరుకుతుందట.

ఈ మాటలో సగం నిజం ఉంది. కింద, రిజర్వు దగ్గర, చోటు దొరుకుతుంది. కానీ ఆ కుర్రాడు ఎదిగాక ఎక్కడికి వెళ్లాలి? మూడు పాయింట్లవాడు ఆరు పాయింట్లవాడయ్యేసరికి, జట్టు మధ్యలో ఉండే ఆ సీటు కోసం పై డివిజన్‌లో ఆరితేరినవాడు అప్పటికే పోటీలో ఉంటాడు. మొదటి మెట్టు ఉంది, చివరి మెట్టు ఉంది, నడిమెట్ల మీద ఎవరో కూర్చున్నారు. 1970ల్లో జాన్ లూయిస్‌కి దొరికింది ఆ నడిమెట్లే.

పంచుకుంటే క్లబ్బులు బతుకుతాయన్న మాట కూడా పూర్తిగా నిలవలేదు. 2021లో ఈస్ట్‌బోర్న్, 2022లో న్యూకాజిల్ సీజన్ మధ్యలోనే తప్పుకున్నాయి. వర్కింగ్టన్ సంగతి ముందే చెప్పాను. స్టేడియం మరొకరిది కావడం, వాన, ప్రయాణ ఖర్చులు, ఇవి ఏ పద్ధతిలోనైనా ఉండే బాధలే. 1968 పద్ధతి కూడా క్లబ్బులని కాపాడలేదు. ఆ పదింటిలో ప్లిమత్ 1970లోనే మూతపడి 2006లో గానీ తిరిగి రాలేదు. బెరిక్ 1980లో తన షీల్‌ఫీల్డ్ పార్క్ పోగొట్టుకుని 1990ల మధ్యలో గానీ అక్కడికి తిరిగి చేరలేదు. కాబట్టి డబ్బు విషయంలో మూడూ ఒకటే. తేడా రైడర్ల విషయంలోనే.

నా ఓటు 1968 పద్ధతికి, ఒక సవరణతో. పంచుకోవడం మానేయమనను, ఇప్పుడున్న రైడర్ల కొరతలో అది కుదరదు కూడా. దిక్కు మార్చమంటాను. పై డివిజన్‌లో సీటున్నవాడు కింద రెండో సీటు తీసుకోవడం కాకుండా, కింద సీటున్నవాడు పైన రిజర్వుగా వెళ్లాలి. దీనికి దారి ఇప్పటికే ఉంది. 2021 నుంచి ప్రీమియర్‌షిప్ జట్లు రిజర్వులో రైజింగ్ స్టార్ అని ఒక కుర్రాణ్ని పెట్టుకుంటున్నాయి. ఆ ఒక్క సీటుని రెండు చేయండి. దానికి బదులుగా చాంపియన్‌షిప్ జట్టులో పైనుంచి దిగే అనుభవజ్ఞుల సంఖ్య ఇద్దరికి కట్టేయండి. ఆ ఇద్దరిలో ఒక క్రంప్ ఉంటే ఉండనివ్వండి, గేటు దగ్గర డబ్బులూ రావాలిగా.

దీనికి పూల్‌లాంటి క్లబ్బు ఒప్పుకోదు. గెలవడం కోసమే కిందికి దిగిన జట్టుకి అనుభవజ్ఞులు ఇద్దరే అంటే కోపం వస్తుంది. బెరిక్, ఎడిన్‌బరో, రెడ్‌కార్ లాంటివి ఒప్పుకోవచ్చు, ఎందుకంటే అలాంటి పరిమితి ఉంటే డబ్బున్న జట్టుకీ వాళ్లకీ మధ్య దూరం తగ్గుతుంది. ఓట్లు వేసేది క్లబ్బుల్ని నడిపే ప్రమోటర్లే కాబట్టి లెక్క అక్కడే తేలాలి.