బ్రెస్ట్ స్క్రీనింగ్ వ్యాన్‌కి నాలుగు స్టార్లు, వాలరీ బెరల్‌కి ఐదు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. ఇంగ్లండ్‌లో యాభై దాటిన ఆడవాళ్లకి మూడేళ్లకోసారి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఉచితంగా చేసే బ్రెస్ట్ స్క్రీనింగ్ గురించి, అంటే రొమ్ము కేన్సర్‌ని ముందే పట్టే ఎక్స్‌రే పరీక్ష గురించి, దాన్ని ఆసరా చేసుకుని పెద్ద పరిశోధన నడిపిన డాక్టర్ వాలరీ బెరల్ గురించీ ఈ రివ్యూ. మనవాళ్లు చాలామంది ఆ పరీక్షకి రమ్మనే కవరు రాగానే "నాకేం గడ్డలు లేవు కదా, ఇప్పుడెందుకు" అని కరెంటు బిల్లుల కింద పడేస్తారు. గడ్డ చేతికి తగలకముందే కనిపెట్టడానికే ఇది. తగిలిందంటే ఇక ఈ ఉత్తరం కోసం చూస్తూ కూర్చోకూడదు, వెంటనే జీపీ (మన ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లాలి.

మొదటి పిలుపు 50 నుంచి 53 మధ్యలో ఎప్పుడైనా వస్తుంది. నాకు చూపించిన చోటు సూపర్‌మార్కెట్ కార్ పార్కులో నిలిపిన పెద్ద వ్యాను. కూరగాయల సంచీతోనే వెళ్లిపోవచ్చు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీసేవాళ్లు ఆడవాళ్లే కాబట్టి మొహమాటం అక్కర్లేదు. నడుము పైన మాత్రమే బట్టలు తీయాలి, అందుకని చీర, పొడుగు గౌను వద్దు, ప్యాంటు మీద కుర్తీ హాయి. ఆ రోజు పౌడరు, డియోడరెంటు రాసుకోకండి, ఆ రేణువులు ఫొటోలో కాల్షియం చుక్కల్లా కనబడి లేనిపోని అనుమానాలు తెస్తాయి. మెడలోవి కూడా తీయాలి. నల్లపూసలు తీయమన్నప్పుడు నాకు కాసేపు చెయ్యి రాలేదు, ఆ అమ్మాయికి ఏం అర్థమైందో గానీ తొందరపెట్టలేదు, చిన్న ట్రే నా ముందుకు జరిపి తను కంప్యూటర్ వైపు తిరిగి నిలబడింది. ఇలాంటివాటికి స్టార్లు ఇవ్వాలనిపిస్తుంది.

ఒక్కోవైపు రెండేసి ఫొటోలు, పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. రెండు పలకల మధ్య నొక్కుతారు. నొప్పి ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి, నాకైతే బాగానే నొప్పెట్టింది, కానీ ఇంకాసేపు ఉంటే అరుస్తానేమో అనుకునేలోపే వదిలేస్తారు. రిజల్టు మామూలుగా రెండు వారాల్లో వస్తుంది. 100 మందిలో సుమారు నలుగురిని మళ్లీ పిలుస్తారు, ఆ నలుగురిలో ఒకరికే కేన్సర్ తేలుతుంది. రెండో ఉత్తరం వస్తే టెన్షన్ ఎవరికైనా ఉంటుంది, ఈ లెక్క తెలిసుంటే ఆ రాత్రి కాస్తయినా కునుకు పడుతుంది.

మరి ఒక స్టారు ఎందుకు కోశానంటే, ఈ పరీక్షకి ఇంకో వైపు కూడా ఉంది. మైకేల్ మార్మట్ నాయకత్వంలో నిపుణుల బృందం 2012లో లెక్క కట్టింది. ఈ స్క్రీనింగ్ వల్ల బ్రిటన్‌లో ఏటా సుమారు 1,300 ప్రాణాలు నిలుస్తున్నాయి. అదే సమయంలో సుమారు 4,000 మందికి, పరీక్షే చేయకపోతే జీవితాంతం బయటపడకుండా, ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండిపోయే కేన్సర్ ఒకటి దొరికి, దానికి ఆపరేషన్లు, మందులు నడుస్తున్నాయి. ఎవరిది ఏ రకమో ముందే తేల్చి చెప్పే దారి లేదు. ఉత్తరంతోపాటు వచ్చే కాగితంలో ఈ సంగతి రాసే ఉంటుంది, మనమే చదవం. నేను చదివాకే వెళ్లాను, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తాను.

ఇక ఐదు స్టార్ల సంగతి. 1996 నుంచి 2001 దాకా 66 స్క్రీనింగ్ సెంటర్లలో ఈ ఆహ్వానంతోపాటే ఒక ప్రశ్నపత్రం కూడా ఇంటికి వచ్చేది. పిల్లలెంతమంది, పాలిచ్చారా, గర్భనిరోధక మాత్రలు వాడారా, నెలసరి ఆగాక హార్మోన్ మాత్రలు వాడుతున్నారా, ఎత్తెంత, బరువెంత, మందు తాగుతారా, ఇలాంటివన్నీ. దాన్ని ఇంట్లోనే నింపి పరీక్షకి తెచ్చి ఇవ్వాలి. అలా సుమారు 13 లక్షల మంది నింపారు. దాని పేరే మిలియన్ విమెన్ స్టడీ, నడిపించినావిడ వాలరీ బెరల్. 1946లో సిడ్నీలో పుట్టి, అక్కడే డాక్టరీ చదివి, లండన్‌లో చాలా ఏళ్లు పనిచేసి, 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో కేన్సర్ ఎపిడెమియాలజీ యూనిట్‌కి (కేన్సర్ ఎవరికి, ఎందుకు వస్తుందో జనం లెక్కల్లోంచి తేల్చే విభాగం) డైరెక్టర్‌గా వెళ్లింది.

ఆవిడ తెలివంతా ఆ కాగితం ఎప్పుడు నింపించాలన్న దగ్గర ఉంది. జబ్బు వచ్చాక అడిగితే ఏ మనిషైనా గతమంతా తవ్వుకుని మింగిన ప్రతి మాత్రనీ అనుమానిస్తుంది, జబ్బు రానావిడకి అవే మాత్రలు గుర్తు కూడా ఉండవు. ఇక్కడ రిజల్టు తెలియకముందే జవాబులు కాగితం మీద ఉన్నాయి. ఆ తర్వాత ఎవరికి ఏమైందో దేశం మొత్తానికీ ఉన్న ఆరోగ్య రికార్డుల్లోంచి తెలుస్తుంది, ఇంటింటికీ తిరగనక్కర్లేదు. వ్యాను ముందే ఉంది, ఉత్తరాలు ఎలాగూ వెళ్తున్నాయి, వాటి మీదే అంత పెద్ద పరిశోధన నిలబెట్టింది.

2003లో వచ్చిన ఫలితానికి బ్రిటన్ అదిరిపోయింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే రెండు హార్మోన్లు కలిపిన మాత్రలు అప్పటికి వాడుతున్నవాళ్లలో రొమ్ము కేన్సర్ రెట్టింపు కనబడింది, ఒట్టి ఈస్ట్రోజెన్ అయితే 30 శాతం ఎక్కువ. ముందు ఏడాదే అమెరికాలో ఈ మాత్రల మీదే నడుస్తున్న పెద్ద ట్రయల్ ఒకటి మధ్యలో ఆపేశారు కాబట్టి రెండూ కలిసి ఆ మాత్రల వాడకాన్ని కిందికి లాగేశాయి. విమర్శలూ గట్టిగానే వచ్చాయి, స్టడీలో చేరేసరికే ఉన్న గడ్డలు కూడా ఆ లెక్కలో కలిశాయన్నారు. ఆవిడ బృందం పట్టు వదల్లేదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 58 పరిశోధనలు కలిపి చూపించింది: యాభై ఏళ్లప్పుడు మొదలుపెట్టి రోజూ రెండు హార్మోన్లూ కలిపి అయిదేళ్లు వాడితే, అలా వాడిన 50 మందిలో ఒకరికి అదనంగా రొమ్ము కేన్సర్ వస్తుంది. ఒట్టి ఈస్ట్రోజెన్ అయితే 200 మందిలో ఒకరికి.

మా వదిన ఆ మాత్రలు వాడుతోంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రిళ్లు నిద్ర లేదు, మర్నాడు ఆఫీసు. యాభైలో ఒకరు అన్న అంకె చూసుకునే, డాక్టరుతో మాట్లాడే మొదలుపెట్టింది. నాకు అందులో తప్పేమీ కనబడదు. వాట్సాప్‌లో "విషం" అనేవాళ్లూ "అమృతం" అనేవాళ్లూ ఇద్దరూ ఈ అంకె చెప్పరు, అదే నాకు మంట.

బెరల్ పనిలో నాకు నచ్చేది ఇదే, ఏ పక్షమూ కట్టదు. ఊరికొక దుకాణం చిట్టాలన్నీ తెప్పించి ఒకే పద్దులో తిరగరాసినట్టు, ప్రపంచంలో ఎవరెవరో చేసిన పరిశోధనల మూల లెక్కలు అడిగి తెప్పించి, మళ్లీ మొదట్నుంచీ కట్టించేది. 1996లో 54 పరిశోధనలు కలిపితే, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నంతకాలం రొమ్ము కేన్సర్ రిస్కు కాస్త పెరుగుతుందనీ, మానేశాక పదేళ్లకి ఆ తేడా కనబడదనీ తేలింది. 2008లో అవే మాత్రలు అండాశయ కేన్సర్ నుంచి మానేశాక కూడా దశాబ్దాలపాటు కాపాడుతున్నాయనీ, అప్పటికే సుమారు 2 లక్షల కేసులు రాకుండా ఆపాయనీ చెప్పింది ఆవిడ బృందమే.

ఆవిడ బృందం లెక్కల్లో మనకి బాగా తగిలేది 2002 నాటిది. 30 దేశాల్లో 47 పరిశోధనలు. మొత్తమ్మీద ఏడాది పాలిస్తే రొమ్ము కేన్సర్ రిస్కు 4.3 శాతం తగ్గుతుంది, ఒక్కో కాన్పుకి ఇంకో 7 శాతం. సంపన్న దేశాల్లో 70 ఏళ్లలోపు 100 మందిలో 6.3 మందికి వస్తుంటే, అక్కడివాళ్లు కూడా మొన్నమొన్నటిదాకా వెనకబడిన దేశాల్లో ఉన్నట్టు అన్ని కాన్పులు, అంతకాలం పాలివ్వడం చేస్తే అది 2.7కి దిగుతుందని లెక్క. మా అమ్మమ్మ ఎనిమిదిమందిని కని, ఒకరు పాలు మానేలోపు ఇంకొకరిని ఎత్తుకున్న మనిషి. అలా బతకమని ఎవరంటారు, నేనైతే అనను. కానీ "మన ఇళ్లల్లో ఈ జబ్బు లేదు" అని ధైర్యం చెప్పుకునేవాళ్లు ఆ అమ్మమ్మల శరీరాలు వేరు, ఆలస్యంగా ఒకరినో ఇద్దరినో కన్న మన శరీరాలు వేరని గుర్తుపెట్టుకోవాలి. ఇండియాలో ఇప్పుడు ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చే కేన్సర్ రొమ్ముదే, పల్లెల్లో కన్నా హైదరాబాద్ లాంటి నగరాల్లో మరీ ఎక్కువ.

ఇంకోటి, ఇది చుట్టాల కోసం. మిలియన్ విమెన్ స్టడీలోనే 7 లక్షలకు పైగా ఆడవాళ్ల లెక్కలు తీసి 2015 చివర్లో చెప్పారు, సంతోషంగా ఉన్నంత మాత్రాన ఆయుష్షు పెరగదు, లేనంత మాత్రాన తగ్గదు, ఆరోగ్యం పాడైతేనే సంతోషం పోతుంది అని. "నువ్వు ఎప్పుడూ దిగులుగా ఉంటావు, అందుకే వచ్చింది" అని జబ్బు మనిషికి క్లాసు పీకేవాళ్లకి ఫార్వర్డ్ చేయండి.

బెరల్ 2022 ఆగస్టులో పోయింది. వ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. ఇల్లు మారితే జీపీలో అడ్రసు మార్పించండి, ఉత్తరం ఆ అడ్రసుకే వస్తుంది. రోజు కుదరకపోతే అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి మార్చుకోవచ్చు. 71 నిండినవాళ్లకి ఉత్తరం రావడం ఆగిపోతుంది, అయినా మనమే అడిగితే మూడేళ్లకోసారి చేస్తారు, ఇక్కడే స్థిరపడిన అమ్మలకీ అత్తగార్లకీ ఈ సంగతి చెప్పండి.