వేసవిలో పిల్లలకు ప్రకృతి పాఠం చెప్పే పని: అడవి, అడ్వెంచర్ క్యాంపు, ఊరి చెరువు... ఏది మేలు?

ఏప్రిల్ 24 ప్రాంతంలో బడులకు సెలవులిస్తే మళ్లీ తెరిచేది జూన్ 12కే. ఈ ఏడు వారాల్లో పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు డిగ్రీ పిల్లలు బట్టల షాపులకో, పెళ్లిళ్ల క్యాటరింగ్‌కో, హైదరాబాద్ పోయి డెలివరీకో కుదురుకుంటారు. ఇప్పుడు ఇంకో రకం పని కూడా దొరుకుతోంది. చిన్నపిల్లలను ఆరుబయటికి తీసుకెళ్లి చెట్టూ పిట్టా, రాయీ నీరూ చూపించే పని. జువాలజీ, బాటనీ చదివే నా విద్యార్థులు మార్చి వచ్చిందంటే అడిగేది దీని గురించే. "సార్, ఫీజు కట్టాల. యాడికి పోతే మంచిగుంటది?"

ఉన్నవి మూడు దారులు. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు పోవడం ఒకటి. అనంతగిరి, భువనగిరి, హైదరాబాద్ చుట్టుపక్కల నడిచే ప్రైవేటు అడ్వెంచర్ క్యాంపుల్లో చేరడం రెండోది. సొంత ఊళ్లోనో మండల కేంద్రంలోనో బడి ఆవరణలో పొద్దుటి పూట క్యాంపు పెట్టుకోవడం మూడోది. పైసలే కొలత అయితే రెండోది మేలు. పని నేర్చుకోవడం కొలత అయితే, మొదటి వేసవికి మూడోదాన్ని మించింది లేదని నా నమ్మకం. ఈ మాట విద్యార్థుల్లో చాలామందికి రుచించదు.

ముందు అడవి సంగతి. అమ్రాబాద్ 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని దక్షిణాన కృష్ణ దాకా పోతుంది. మన్ననూరులో కాటేజీలు, ఫర్హాబాద్ వైపు సఫారీ ఉన్నాయి. వానాకాలం జులై నుంచి సెప్టెంబరు దాకా పర్యాటకులను రానివ్వరు కాబట్టి వేసవి మీద ఆశ పెట్టుకోవడం సహజమే. పైగా ఎండాకాలంలో వాగులు ఎండి, జంతువులు నీళ్ల కోసం సాసర్ పిట్‌ల (నేలలో కట్టిన పళ్లెం లాంటి నీటి తొట్ల) దగ్గరికి వస్తాయి. వాటిని సిబ్బంది ట్యాంకర్లతో నింపుతుంటారు. చూడ్డానికి ఇంతకంటే మంచి కాలం లేదు.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. అక్కడ దారి చూపించే పని చెంచులది. గైడ్లుగా, బేస్ క్యాంపు కాపలాదారులుగా, ఫిబ్రవరి నుంచి మే దాకా అగ్గి అంటుకోకుండా చూసే వాచర్లుగా పనిచేస్తున్న వాళ్లలో చెంచు యువకులు ఎక్కువ. ఆ ఉద్యోగాల కోసం పట్నం డిగ్రీ పిల్లలు పోటీ పడకూడదు. న్యాయం ఒక కారణం, తెలివిడి ఇంకో కారణం. మా విద్యార్థిని ఒకమ్మాయి బడిపిల్లల బృందం వెంట సాయంగా వెళ్లింది. ఇప్పచెట్టు శాస్త్రీయ నామం, కుటుంబం, పుష్ప విన్యాసం అన్నీ గడగడా చెప్పింది. వెంట ఉన్న చెంచు పెద్దాయన ఓపికగా విని, పిల్లలను చెట్టు వెనక్కి తీసుకెళ్లి బెరడు మీద గోళ్ల గీతలు చూపించాడు. కింద రాలిన పువ్వులు ఒక్క పక్కన మాత్రం కనిపించలేదు. "ఎలుగు పొద్దుగాలే వచ్చి తిని పోయింది. మనం ఏరుకోను వస్తే ఆలస్యమైంది" అన్నాడు. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయనీ, ఎలుగుబంటికీ మనిషికీ వాటి కోసం పోటీ అనీ పిల్లలకు ఆ ఒక్క చూపుతో అర్థమైంది. చెట్టు పేరు ఎవరైనా చెప్పగలరు. చెట్టు దగ్గర రాత్రి ఏం జరిగిందో చెప్పగలిగిన వాళ్లు తక్కువ.

అందుకని అడవికి పోతే శిష్యరికానికే పోవాలి. బడుల బృందాలు వచ్చినప్పుడు పిల్లల లెక్క చూసుకోవడం, పెద్దాయన చెప్పింది రాసి పెట్టడం, పిల్లల ప్రశ్నలు ఆయనకు అందించడం... ఇవి నిజంగా అవసరమైన పనులు. వీటికి తిండీ బసా దక్కితే చాలు, జీతం మీద ఆశ వద్దు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగే రోజుల్లో భక్తుల చేతుల్లోంచి ప్లాస్టిక్ అడవిలోకి పోకుండా చూసేందుకు వాలంటీర్ల అవసరమూ ఉంటుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా శ్రీశైలం రోడ్డు మీద అడవిలోకి బండ్లను వదలరు. ఇంట్లో వాళ్లకు ఇది ముందే చెప్పి పోవాలి. ఒక తల్లి నన్ను సూటిగా అడిగింది: "నా బిడ్డను రాత్రుళ్లు అడివిల ఎవరి దిక్కున ఉంచుతరు సార్?" ఆ ప్రశ్నకు పేరుతో సహా జవాబు చెప్పగలిగితేనే పంపాలి.

ఇక ప్రైవేటు క్యాంపులు. వీటిని తక్కువ చేయను. తాళ్లు, హెల్మెట్లు, హార్నెస్‌ల మధ్య పనిచేసినవాడికి వచ్చే క్రమశిక్షణ తరగతి గదిలో రాదు. బస్సు ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి తలలు లెక్కపెట్టడం, ముడి వేశాక ఇంకొకరితో చూపించుకోవడం, కళ్లు తిరుగుతున్న పిల్లను గుర్తుపట్టి నీడకు చేర్చడం చేతికి అలవాటైపోతాయి. హిందీ, ఇంగ్లిష్ మాట్లాడే బెరుకు కూడా పోతుంది. మనకు భువనగిరి బండ ఉండనే ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టింది అక్కడి రాక్ క్లైంబింగ్ శిక్షణలోనే. అయితే మే నెలలో ఆ బండ మీద పొద్దెక్కాక చేయి పెట్టలేం. పని అంతా తెల్లవారుజామునే.

ఇక్కడ ఎదగాలంటే దారి స్పష్టంగా ఉంది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ లాంటి చోట్ల బేసిక్ కోర్సు, అందులో ఏ గ్రేడ్ వస్తే అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత బోధనా పద్ధతుల కోర్సు. అది పూర్తయితేనే ఇన్‌స్ట్రక్టర్ అనే మాటకు విలువ. ఏ కోర్సూ లేకుండా రెండు రోజులు చూపించి పిల్లవాడి తాడు మీ చేతికిచ్చే క్యాంపు అయితే, జీతం ఎంతైనా సరే తిరిగొచ్చేయండి.

నా అసంతృప్తి వేరే చోట ఉంది. ఈ క్యాంపుల్లో రెండు మూడు రోజులకో బ్యాచ్ మారుతుంది. పొద్దున చెప్పిందే సాయంత్రం, సోమవారం చెప్పిందే గురువారం. పిల్లవాడు మొదటిరోజు ఏం చూశాడు, వారం తర్వాత ఏం గమనించాడు అన్నది మీకు ఎన్నటికీ తెలియదు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం కంటే పరుపులు మోయడమే ఎక్కువ దక్కుతుంది. మా విద్యార్థి ఒకడు ఒక క్యాంపులో నెలంతా చేసి, చివర్లో "భోజనం ఖర్చు" కింద సగం జీతం కోత పడి వచ్చాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు కాబట్టి అడగడానికి ఆధారం లేకపోయింది. జీతం, పని గంటలు, తిండీ బసా, ప్రమాదం జరిగితే ఖర్చెవరిది, ఇవన్నీ వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోండి. పోలీసు వెరిఫికేషన్ అడిగితే చిన్నబుచ్చుకోవద్దు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం గురించి మొదటిరోజే చెప్పే క్యాంపును నేను ఎక్కువ నమ్ముతాను.

లెక్క కూడా వేసి చూద్దాం. ఊరికే ఉదాహరణకు, ప్రైవేటు క్యాంపు నెలకు 15,000 ఇస్తానంది అనుకోండి. రోజుకు 500. పొద్దున 5 నుంచి రాత్రి 8 దాకా పిల్లల వెంట ఉంటే గంటకు 33 రూపాయలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307, ఎనిమిది గంటల పని అనుకున్నా గంటకు 38 అని గుర్తుంచుకుంటే ఇది ఎంత తక్కువో తెలుస్తుంది. ఊరి క్యాంపులో 25 మంది పిల్లలు, తలకు 500 చొప్పున 12,500 వచ్చిందనుకుందాం. నోటుపుస్తకాలు, మజ్జిగ, ఓఆర్ఎస్, ప్రథమ చికిత్స డబ్బా కలిపి 2,500 పోతే ఇద్దరికి చెరి 5,000. రోజుకు మూడు గంటలు, ఇరవై రోజులు. గంటకు 83 పడుతుంది. కానీ ఫీజు కట్టాల్సింది గంటల లెక్కతో కాదు, చేతికొచ్చిన మొత్తంతో. 15,000 తప్పనిసరిగా కావాల్సిన ఇంటి పిల్లవాడికి 5,000 సరిపోవు. అతను ప్రైవేటు క్యాంపుకే పోవాలి, పోయినందుకు తప్పుపట్టేదేమీ లేదు. ఊరి క్యాంపులో 500 ఇవ్వలేని పిల్లల వాటా పూర్వ విద్యార్థుల దగ్గర అడిగి తీసుకోవచ్చు. ఏ పిల్లనూ దీనికోసం వెనక్కి పంపకూడదు.

ఇప్పుడు మూడో దారి: ఊరి క్యాంపు, దాని చెరువు గట్టు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ముగించాలి. మన వైపు మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది కాబట్టి ఇందులో సడలింపు లేదు. అవే ఇరవై అయిదు ముఖాలు రోజూ వస్తాయి. ఈ ఒక్క తేడా మొత్తం పనిని మార్చేస్తుంది. నిన్న చెప్పింది ఇవాళ అడుగుతారు, మీకు తెలియంది రేపటికి తెలుసుకుని రావాలి.

ఎండిన చెరువు పడకలో తీతువు గుడ్లు పెడుతుంది. గూడంటూ ఏమీ ఉండదు. గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాగే మచ్చల మచ్చల నాలుగు గుడ్లు. దూరం నుంచి, ఒకే చోట కూర్చుని చూడమంటే మొదటిరోజు పిల్లలకు పిట్ట అరుపు తప్ప ఏమీ దొరకదు. మూడోరోజుకు ఎవరో ఒకరు కనిపెడతారు: పిట్ట మిగిలిన మడుగు దాకా పోయి, పొట్ట ఈకలు నీళ్లలో తడిపి, వచ్చి గుడ్ల మీద కూర్చుంటోందని. మన దగ్గర కోళ్లు గుడ్లను వెచ్చగా పొదుగుతాయని తెలిసిన పిల్లలకు, గుడ్లను చల్లబరిచే తల్లి ఉందని తెలిసిన పొద్దు చూడాలి. రెండు రోజుల బ్యాచ్‌కు ఇది చూపించడం కుదరదు.

మేడిపండు పాఠం ఇంకా సులువు. పొట్ట విప్పితే పురుగులుంటాయని ఊళ్లో అందరికీ నోటికి వచ్చిన మాటే. పండుబారని కాయను బ్లేడుతో రెండుగా కోసి భూతద్దం కింద పెట్టండి. లోపల గోడల నిండా సన్నటి పూలు, వాటి మధ్య నూకల కంటే చిన్న కందిరీగలు. ఆ పురుగు లోపలికి దూరకపోతే పూలకు పుప్పొడి అందదు, మేడికి విత్తనం లేదు. మర్రి, రావి, జువ్విది ఇదే కథ, ఒక్కో చెట్టుకు తనదైన కందిరీగ. మహబూబ్‌నగర్ వాళ్లకైతే దాదాపు 700 ఏళ్లదని చెప్పే పిల్లలమర్రి పక్కనే ఉంది. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారన్న సంగతి చెబితే పిల్లలు నోరు తెరిచి వింటారు. నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు వైపు అయితే పాఠం నీళ్లతోనే మొదలుపెట్టొచ్చు. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును పరీక్ష కిట్‌తో పిల్లలే చూస్తే, తాతయ్య కీళ్లు ఎందుకు వంగిపోయాయో పుస్తకం లేకుండానే తెలుస్తుంది.

ఊరి క్యాంపుకు ఉన్న అసలు ప్రమాదం నీరు. వేసవి సెలవుల్లో బావుల్లో, క్వారీ గుంతల్లో పిల్లలు మునిగిపోయిన వార్త లేని ఏడాది లేదు. గట్టు దిగి నీళ్లలో కాలు పెట్టకూడదన్నది మొదటి నియమం, దానికి మినహాయింపు వద్దు. పాముల విషయంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర తెలిసి ఉండాలి. ఎవరినైనా కరిస్తే కోయకుండా, బిగించి కట్టకుండా, కదలనివ్వకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు దొరికేది అక్కడే.

రెండో వేసవికి వచ్చేసరికి మీ దగ్గర రోజువారీ నోట్సు ఉంటుంది, ఈబర్డ్‌లో (పిట్టలను చూసినవాళ్లు లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో) ఎక్కించిన పిట్టల జాబితాలు ఉంటాయి, పిల్లలను ఎలా కూర్చోబెట్టాలో తెలిసి ఉంటుంది. అప్పుడు మన్ననూరు పోతే పెద్దాయన మాటలో ఏది రాసుకోవాలో తెలుస్తుంది. ప్రైవేటు క్యాంపుకు పోతే పరుపులు మోయడానికి కాక, పాఠం చెప్పడానికే తీసుకోమని అడగొచ్చు.

ఊరి క్యాంపు అనుకున్నవాళ్లు హెడ్‌మాస్టరు అనుమతి, బడి తాళాలు, మరుగుదొడ్డికి నీళ్లు, ఈ మూడూ చివరి పనిదినానికి ముందే తేల్చుకోండి. సెలవులు మొదలయ్యాక ఆయన ఏ ఊళ్లో ఉంటారో, తాళాలు ఎవరి దగ్గరుంటాయో వెతుక్కునేలోపు మే మొదటి వారం గడిచిపోతుంది.