సహజ గ్రాఫైటా, సింథటిక్ గ్రాఫైటా: రొయ్యల డబ్బు ఎటు పెడితే మేలు?

ఈమధ్య భీమవరం వైపు చెరువులో రొయ్య పట్టి అమ్మిన డబ్బు చేతికొచ్చిన కుర్రాళ్లు ముగ్గురు నలుగురు, సహజ గ్రాఫైట్ కంపెనీల షేర్లు కొనాలా, సింథటిక్ గ్రాఫైట్ కంపెనీలవి కొనాలా అని నన్ను అడిగారు. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో లిథియం కంటే గ్రాఫైటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, కారుకి 50 కిలోల పైమాటే, కాబట్టి గిరాకీకి ఢోకా లేదు. కానీ గిరాకీ ఉన్న సరుకులో కూడా నష్టం ఎలా వస్తుందో చెరువు చేసినవాళ్లకి తెలుసు.

సహజ గ్రాఫైట్ గనిలోంచి వస్తుంది. మన తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలోనూ మెరిసే రేకులుగా కనిపిస్తుంది, వేలితో రుద్దితే పెన్సిల్ ములుకులాగే నల్లగా, జారుడుగా అంటుకుంటుంది. ఆ రేకుని బ్యాటరీకి పనికొచ్చేలా గుండ్రంగా చేసేసరికి సగం దాకా పొడిగా రాలిపోతుంది, ఆ తర్వాత 99.95 శాతం దాకా శుద్ధి చేయాలి, అందుకు చైనాలో ఎక్కువగా వాడేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. సింథటిక్ అయితే పెట్రోలియం నుంచో, బొగ్గు తారు నుంచో వచ్చిన కోక్‌ని (బొగ్గులాంటి గట్టి పదార్థం) దాదాపు 3000 డిగ్రీల వేడిలో కాల్చి చేస్తారు. అంటే అంతా కరెంటే. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిప్పే మనకి ఆ బిల్లు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మా నాన్నగారి రోజుల్లో టైగర్ రొయ్య సీడుని, అంటే పిల్లల్ని, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వలలతో పట్టి తెచ్చేవారు. తెల్ల పళ్లెంలో పోసుకుని, వేరే జాతి పిల్లలు, చిన్నవి, నీరసంగా ఉన్నవి ఏరి పక్కన పెట్టడం నాకింకా గుర్తు. హ్యాచరీ సీడు వచ్చాక కవరు విప్పితే అన్నీ ఒకే సైజు. బ్యాటరీ కంపెనీలు సింథటిక్ వైపు మొగ్గేది కూడా ఇందుకే: ప్రతి లాటూ ఒకేలా ఉంటుంది, ఎక్కువ ఏళ్లు మన్నుతుంది, త్వరగా చార్జ్ అవుతుంది. సహజానికి చార్జ్ పట్టే కెపాసిటీ కాస్త ఎక్కువ, తయారీలో కరెంటు ఖర్చు తక్కువ, అయితే చార్జింగ్‌లో ఎక్కువ ఉబ్బుతుంది. అందుకే చాలామంది రెండూ కలిపి వాడతారు.

సరుకుగా చూస్తే నా ఓటు సింథటిక్‌కే. షేరుగా చూస్తే మాత్రం అంత సులువు కాదు.

చైనాలో కరెంటు చవకగా దొరికే ఇన్నర్ మంగోలియా లాంటి చోట్ల అవసరానికి మించి ఫ్యాక్టరీలు పెట్టడంతో సింథటిక్ ధర బాగా పడిపోయింది, దాంతో "మాది చవక" అన్న సహజం వాళ్ల బలమే పోయింది. మొజాంబిక్‌లోని బాలమా సహజ గ్రాఫైట్ గని ఎంతో పెద్దదే అయినా, ధర గిట్టక ఆగుతూ నడిచి, చివరికి 2024 డిసెంబరులో ఎన్నికల తర్వాతి ఆందోళనల వల్ల సరుకు ఇవ్వలేమని ప్రకటించాల్సి వచ్చింది.

ఇక చైనా బయటి గనులకి ఆశ అంతా ప్రభుత్వాల మీదే. 2023 డిసెంబరు నుంచి గ్రాఫైట్ ఎగుమతికి చైనా అనుమతి తప్పనిసరి చేసింది. 2025 జులైలో చైనా ఆనోడ్ సరుకు (బ్యాటరీలో ఆనోడ్ అనే ధ్రువానికి వాడే గ్రాఫైట్) మీద అమెరికా తాత్కాలికంగా 93.5 శాతం సుంకం ప్రకటించింది. వినడానికి బాగుంది, కానీ అదే ఏడాది ఆగస్టులో అదే అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేస్తే రొయ్య ధర ఏమైందో మనం కళ్లారా చూశాం. ఒకరి సంతకంతో వచ్చిన లాభం ఇంకో సంతకంతో పోతుంది, నేనైతే పిల్లల చదువు డబ్బు దాని మీద పెట్టను.

అందుకే ఇప్పటికి నా మొగ్గు సింథటిక్ వైపే, అదీ మన దగ్గర కోల్ తార్, స్టీలు కొలిమి ఎలక్ట్రోడ్ల (ఉక్కు కరిగించే కరెంటు కొలిమిలో వాడే గ్రాఫైట్ కడ్డీలు) లాంటి పాత వ్యాపారం ఉండి ఆనోడ్‌లోకి దిగుతున్న కంపెనీల వైపు. ఆనోడ్ రెండు మూడేళ్లు కలిసి రాకపోయినా వాటికి పొయ్యి వెలుగుతుంది. అయితే 2018లో ఎలక్ట్రోడ్ల షేర్లు ఆకాశానికి ఎగిరినప్పుడు కొన్నవాళ్లు 2020 నాటికి ఎంత పోగొట్టుకున్నారో కూడా చూశాను, కాబట్టి ఉన్నదంతా ఒకేసారి పెట్టొద్దు. ఏడాదికి ఇన్ని టన్నుల కెపాసిటీ అని వాళ్లు చెప్పేది పక్కనపెట్టి, ఎన్ని టన్నులు అమ్మారు, ఏ బ్యాటరీ కంపెనీ పరీక్షల్లో పాసయ్యారు అన్నది యాన్యువల్ రిపోర్టులో వెతకండి. సహజం వైపు కూడా అలాంటి ఒప్పందం ఉన్న శుద్ధి ప్లాంటు కనిపిస్తే అప్పుడు దానికీ కొంత డబ్బు తీస్తాను.