యూట్యూబ్‌లో రైల్వే యార్డు వీడియోలు: ఐదుకి రెండు మార్కులు

వందే భారత్ దూసుకెళ్లడం, డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజిన్ హారన్ కొట్టడం ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. షంటింగ్ (ఇంజిన్లను, పెట్టెలను అటూ ఇటూ జరిపి కలపడం, విడదీయడం) ఎలా జరుగుతుందో తెలుసుకుందామంటే మాత్రం సరుకు లేదు. తెలుగులో మరీ కరువు.

ఉన్నవాటిలో ఇంజిన్ మార్పిడి వీడియోలే ఎక్కువ. హౌరా-చెన్నై దారిలో చాలా బళ్లు విశాఖలో దిశ మార్చుకుంటాయి కాబట్టి అక్కడ తీసినవి బోలెడు. ఇంజిన్ నంబరు చక్కగా కనబడుతుంది, ఇంజిన్‌ను పెట్టెలకు తగిలించే అసలు పని మొదలవగానే వీడియో తెగిపోతుంది. చూపాల్సింది అదే కదా! పచ్చరంగు హోస్ (రబ్బరు గొట్టం) బ్రేక్ పైపు, గాలి ప్రెషరు చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. తెల్లది పెట్టెల ట్యాంకులకు గాలి నింపే ఫీడ్ పైపు, 6 కిలోలు. హోస్‌లు కలిపాకే యాంగిల్ కాక్‌లు (పైపు చివరి కుళాయిలు) తెరవాలి. విప్పేముందు రెండు వైపులా మూయాలి. ప్రెషరు ఉండగా విప్పితే హోస్ ఎగిరి మనిషిని కొడుతుంది. మధ్యలో ఒక్క కాక్ మూసి ఉండిపోయినా వెనక పెట్టెలకు బ్రేకు పడదు. అందుకే లోకో పైలట్ బ్రేకు వేయడానికి ప్రెషరు తగ్గించినప్పుడు చివర గార్డు దగ్గరి గేజిలోనూ ముల్లు దిగాలి. ఆ ముల్లును దగ్గరగా చూపిన వీడియో దొరకడం కష్టం.

చేతి సిగ్నళ్లదీ ఇదే కథ. పచ్చజెండా మెల్లగా పైకీ కిందికీ ఊపితే దూరంగా వెళ్లమని, ఒంటికి అడ్డంగా ఊపితే దగ్గరికి రమ్మని. షంటింగ్ వేగం మామూలుగా గంటకు 15 కి.మీ. దాటకూడదు, పేలుడు సామాను ఉంటే 8.

2024 ఫిబ్రవరిలో జమ్మూ ప్రాంతంలోని కథువా నుంచి లోకో పైలట్ లేకుండా సుమారు 70 కి.మీ. పరుగెత్తిన గూడ్సు వీడియోను దేశమంతా చూసింది. ఆగి ఉన్న రేకుకు (వ్యాగన్ల వరుసకు) హ్యాండ్ బ్రేకులు బిగించడం, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టడం చూపే వీడియోకు ఆ ఆదరణలో పదో వంతు రాదు. రోలర్ బేరింగులతో చక్రాలు తేలిగ్గా తిరిగే వ్యాగన్ కొద్దిపాటి వాలు మీద కూడా కదులుతుంది. యార్డులో వాలు చాలా తక్కువగా ఉండాలనడం అందుకే.

కొరతకు కారణాలు లేకపోలేదు. అనుమతి లేకుండా యార్డులోకి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద కేసు. పైగా 1980ల నుంచి సరుకు రవాణా పూర్తి రేకుల పద్ధతికి మారి, వ్యాగన్లను విడదీసి కూర్చే హంప్ యార్డుల పనే తగ్గింది.

అమెరికాలో నెబ్రాస్కాలోని బెయిలీ యార్డు పక్కన చూసేవారి కోసం ప్రత్యేకంగా టవరే ఉంది. మన వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే సీబీసీ కప్లర్ వాళ్ల రకమే కాబట్టి నకిల్ (కప్లర్ కొక్కెం) మూసుకోవడం, లాక్ పడటం ఆ వీడియోల్లో చూసి నేర్చుకోవచ్చు. సిగ్నళ్లు, నిబంధనలు మాత్రం అక్కడివి ఇక్కడ పనికిరావు.

తీసేవాళ్లకు ఒక్క మనవి: ప్లాట్‌ఫాం మీంచే తీయండి, కప్లింగ్ మొదలైన దగ్గర్నుంచి బ్రేకు పరీక్ష అయ్యేదాకా కట్ చేయకండి. సెల్ఫీ స్టిక్ పైకెత్తొద్దు, పైనున్న తీగలో 25,000 వోల్టులుంటాయి.