రూట్ 66 బస్సు ప్యాకేజీ కొనేముందు ఈ నాలుగు రోజుల అనుభవం చదవండి

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారినీ మామగారినీ తీసుకొని, నేనూ నా భర్తా కలిసి మొత్తం నలుగురం, అమెరికాలోని పాత రూట్ 66 రహదారిని చూపించే ఒక బస్సు ప్యాకేజీని, టెక్సస్‌లోని డాలస్ నుంచి అమరిల్లో, ఆ తర్వాత న్యూ మెక్సికోలోని టుకుమ్‌కారీ మీదుగా ఆల్బకర్కీ దాకా వెళ్లివచ్చేదాన్ని, ఒక్కొక్కరికి 690 డాలర్ల చొప్పున కొన్నాము. చారిత్రక రహదారి మీద ప్రయాణమనీ, దారిపక్క వింతలన్నింటికీ ప్రవేశ రుసుము తామే చెల్లిస్తామనీ, ఆరు పూటలు స్థానిక భోజనం పెడతామనీ కరపత్రంలో రాశారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ జరగలేదు. రూట్ 66కు నూరేళ్లు నిండుతున్న సందర్భాన్ని చూపి ఇలాంటి ప్యాకేజీలు అమ్ముతున్నారు కాబట్టి, మనవాళ్లు మరికొందరు ఇలాగే డబ్బు పోగొట్టుకోకూడదని వివరంగా రాస్తున్నాను.

ముందుగా రోడ్డు సంగతి. 1926 నవంబరు 11న ఏర్పడిన ఈ రహదారి షికాగో నుంచి కాలిఫోర్నియా దాకా ఎనిమిది రాష్ట్రాల గుండా దాదాపు 2,448 మైళ్లు సాగేది. ఇంటర్‌స్టేట్‌లు, అంటే రాష్ట్రాలను కలిపే పెద్ద వేగ రహదారులు, వచ్చాక దాని అవసరం తీరిపోవడంతో 1985లో జాతీయ రహదారుల జాబితా నుంచి తొలగించారు. ఇప్పుడది ఊళ్ల మధ్య ప్రధాన వీధిగా, ఐ-40 అనే ఇంటర్‌స్టేట్ పక్కన సర్వీసు రోడ్డుగా, కొన్నిచోట్ల గడ్డి మొలిచిన తారు ముక్కగా మిగిలింది. అంటే పనిగట్టుకొని ఇంటర్‌స్టేట్ దిగితే తప్ప పాత రోడ్డు మీద ప్రయాణించలేము. మా బస్సు దిగలేదు. డాలస్ నుంచి అమరిల్లో దాకా సుమారు 360 మైళ్ల దారి అసలు రూట్ 66 కానేకాదు, కాబట్టి మొదటి రోజు ఎలాగూ లెక్కలోకి రాదు. రెండో రోజు అమరిల్లో దాటాక కూడా బస్సు ఐ-40 మీదే పోతుంటే, రోడ్లు భవనాల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మా మామగారు కిటికీలోంచి పక్కన సమాంతరంగా పోతున్న సన్నటి రోడ్డును చూపించి, "పాత దారి అదే కదమ్మా, మనం దీని మీద ఎందుకు పోతున్నాం?" అని అడిగారు. గైడును అడిగితే, పెద్ద బస్సుకు ఇన్సూరెన్సు ఒప్పుకోదన్నాడు. ఆ మాట డబ్బు కట్టేటప్పుడు చెప్పవలసింది.

ఇక ప్రవేశ రుసుములు. మా బిల్లులో ఒక్కొక్కరికి 72 డాలర్లు ఈ పేరుతో వేశారు. అమరిల్లో పక్కన పొలంలో పది కాడిలాక్ కార్లను ముక్కు కిందకు పెట్టి నేలలో పాతిన కాడిలాక్ రాంచ్‌ను 1974లో కొందరు కళాకారులు ఏర్పాటు చేశారు. దాన్ని చూడటానికి టికెట్టే లేదు. కారు పక్కన ఆపుకొని నడిచి వెళ్లి, కావలసినవారు ఆ కార్ల మీద రంగు కూడా చల్లవచ్చు. షికాగోకూ లాస్ ఏంజిలెస్‌కూ చెరొక 1,139 మైళ్ల దూరంలో ఉన్నామని తెలిపే ఏడ్రియన్ ఊరి బోర్డు దగ్గర ఫొటో దిగడానికీ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. టెక్సస్, న్యూ మెక్సికో సరిహద్దులో జనం వదిలేసిన గ్లెన్‌రియో దగ్గర బస్సు ఆపనే లేదు. టుకుమ్‌కారీ అయితే పాత మోటళ్ల నియాన్ దీపాలకు పేరుపొందిన ఊరు, చీకటి పడ్డాక చూడవలసిన ఊరు. మమ్మల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో దింపి, ఇరవై నిమిషాల్లో మళ్లీ ఎక్కించారు. వెలగని దీపాలను చూడటానికి అన్ని వందల మైళ్లు వెళ్లిన బృందం మాదే అయి ఉంటుంది.

అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టినది భోజనం విషయం. స్థానిక భోజనమని చెప్పి చేతికిచ్చిన కూపన్లు ఇంటర్‌స్టేట్ ఎగ్జిట్ల దగ్గర దేశమంతటా ఒకేలా ఉండే బర్గర్ దుకాణాల్లోనే చెల్లాయి. అమరిల్లోలోని ప్రసిద్ధమైన 72 ఔన్సుల స్టేక్ (కాల్చిన గొడ్డుమాంసపు ముక్క) పందేన్ని "ఉచిత భోజనం" కింద రాయడం మరీ విడ్డూరం. రెండు కిలోల పైచిలుకు మాంసాన్ని, దానితో ఇచ్చే మిగతా పదార్థాలతో సహా, గంటలో పూర్తిచేసిన వారికే అది ఉచితమని, లేకపోతే డబ్బు కట్టాలని ఆ హోటలువారు దాపరికం లేకుండానే చెబుతారు. తప్పు దాన్ని ప్యాకేజీ సౌకర్యంగా అమ్మినవారిది. మా అత్తగారు శాకాహారి. ఆమెకు చేసిన "ప్రత్యేక ఏర్పాటు" నాలుగు పూటలు వేయించిన బంగాళాదుంప ముక్కలు, పచ్చి ఆకుల సలాడు.

చివరికి ఆల్బకర్కీలో కూపన్లు పక్కనపెట్టి, పాత రూట్ 66 అయిన సెంట్రల్ ఎవెన్యూ మీద ఒక చిన్న హోటలుకు మా సొంత ఖర్చుతో వెళ్లాము. న్యూ మెక్సికోలో చాలా వంటకాలకు "రెడ్ ఆర్ గ్రీన్?" అని, అంటే ఎర్ర మిరప పులుసా, పచ్చిమిరప పులుసా అని అడుగుతారు, రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. మిరప గురించి అమెరికాలో తనను ఒకరు అభిప్రాయం అడగడం అత్తగారికి ఎంతో నచ్చింది. పొంగిన పూరీలా ఉండే సోపపియాను చిల్లుపొడిచి లోపల తేనె పోసుకొని తిన్నారు. అయితే శాకాహారులకు ఒక గట్టి హెచ్చరిక: చిక్కుడు గింజల ముద్దను పంది కొవ్వుతో వండే అలవాటు చాలాచోట్ల ఉంది, పచ్చిమిరప పులుసులో మాంసమో, మాంసపు రసమో తరచుగా కలుపుతారు. "వెజిటేరియన్" అంటే సరిపోదు. "లార్డ్ వాడారా, మీట్ బ్రాత్ ఉందా" అని ప్రతి వంటకానికీ విడిగా అడగండి. మేము అడిగితే వారు వంటగదిలో కనుక్కొని వచ్చి నిజాయితీగా చెప్పారు.

నియాన్ దీపాలకు ఇరవై నిమిషాలు ఇచ్చిన గైడు, ఒక నగల దుకాణం దగ్గర మాత్రం గంటన్నర ఆపాడు. అమెరికా ఆదివాసులు చేసినదన్న మాట నమ్మి నేను 180 డాలర్లకు ఒక నీలిరాయి కంకణం కొన్నాను. ఇంటికి వచ్చాక దూదితో తుడిస్తే రంగు వదిలింది. ఆదివాసీ తెగలవారు చేయని వస్తువును వారు చేసినదిగా అమ్మడం 1990 నాటి సమాఖ్య చట్టం ప్రకారం నేరమే. నా రసీదు మీద మాత్రం "ఇండియన్ స్టైల్" అని ఉంది. ఆ "స్టైల్" అన్న మాటతోనే వారు తప్పించుకున్నారు. చేసినవారి పేరు, తెగ పేరు రసీదు మీద రాసివ్వనిదే కొనకండి.

తిరిగి వచ్చాక, ఏ ప్రవేశ రుసుము ఎక్కడ చెల్లించారో రసీదులు చూపమని సంస్థకు ఉత్తరం రాశాను. చూపలేకపోయారు. క్రెడిట్ కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఆ పద్దు కింద ఉన్న 288 డాలర్లు వెనక్కి వచ్చాయి. మిగతా సొమ్ముకు "ప్రయాణం జరిగింది కదా" అన్నదే సమాధానం. కాబట్టి కొనేముందు, పాత రోడ్డు మీద ఏ ఊరి నుంచి ఏ ఊరిదాకా నడుపుతారో, టుకుమ్‌కారీలో రాత్రి బస ఉందో లేదో, భోజనం ఏయే హోటళ్లలోనో పేర్లతో రాయించుకోండి. రాసివ్వడానికి వెనుకాడితే, నలుగురున్న కుటుంబానికి సొంత కారో అద్దె కారో చాలు. గోధుమరంగు "హిస్టారిక్ రూట్ 66" బోర్డులను బట్టి నిదానంగా వెళ్లవచ్చు.

అదే సంస్థ కొత్త కరపత్రం నిన్న మాకు మళ్లీ వచ్చింది. శతాబ్ది ప్రత్యేక యాత్ర అట, ధర 790 డాలర్లు. ముఖచిత్రం మీద రాత్రివేళ నియాన్ వెలుగుల్లో టుకుమ్‌కారీ ఉంది. లోపలి పేజీలో ఆ ఊరు చేరే సమయం మధ్యాహ్నం 12 గంటలు.