మోచేతి నరానికి ‘ట్రాన్స్‌పొజిషన్ ప్యాకేజీ’ అన్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చూడండి

చిటికెన వేలు, ఉంగరం వేలిలో సగం తిమ్మిరెక్కి, అల్నార్ నరం మోచేతి దగ్గర నొక్కుకుపోయిందని తేలగానే కొన్నిచోట్ల నేరుగా ట్రాన్స్‌పొజిషన్ రాసేస్తున్నారు. అంటే నరాన్ని ఎముక వెనక నుంచి తప్పించి ముందుకు మార్చడం. మొదటిసారి ఆపరేషన్‌కి చాలామందికి అంత అక్కర్లేదు. నరం మీద పట్టీలా బిగిసిన ఆస్‌బోర్న్ లిగమెంట్‌ని కోసి వదులు చేస్తే సరిపోతుంది. రెండింటినీ పోల్చిన ట్రయల్స్‌లో ఫలితం ఇంచుమించు ఒకటే. ఇన్ఫెక్షన్ లాంటి బాధలు మాత్రం నరాన్ని మార్చినవాళ్లకే ఎక్కువ.

మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. చెయ్యి మడిస్తే నరం ఎముక మీదుగా టక్కున జారడం, చిన్నప్పుడు విరిగిన మోచెయ్యి వంకరగా అతుక్కోవడం, మొదటి ఆపరేషన్ పనిచెయ్యకపోవడం. వీటిలో మీకేది ఉందో అడగండి. ‘ఇలా చేస్తే మళ్లీ రాదు’ అన్నది జవాబు కాదు. పైచేతి కండరాల మధ్య ఉండే గట్టి పొరను సరిగా తియ్యకపోతే, మార్చిన నరం దాని అంచు మీద మడతపడి కొత్తచోట నొక్కుకుంటుంది. ఏ పద్ధతిలోనైనా కోత దారిలో ఉండే సన్నటి చర్మనరం తెగితే మచ్చ తాకినప్పుడల్లా షాక్ కొడుతుంది.

ఎన్‌సీఎస్ (నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో కొలిచే పరీక్ష) రిపోర్టు లేకుండా ఆపరేషన్ డేట్ తీసుకోవద్దు. మోచేతి దగ్గర వేగం సెకనుకు 50 మీటర్ల లోపుకి పడిందా, ముంజేతిలో కంటే 10 మీటర్లకు మించి తగ్గిందా చూడండి. పరీక్ష చెయ్యి మడిచి చెయ్యాలి. చాపి చేస్తే దూరం తక్కువగా కొలతకొచ్చి, లేని జబ్బు కనబడుతుంది. మెడలో నరం నొక్కుకున్నా ఇదే తిమ్మిరి వస్తుంది. నరం తాడులా లావుగా తగిలినా, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉన్నా ముందు కుష్ఠు పరీక్ష చేయించండి. దాని మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

తిమ్మిరి వచ్చిపోతుంటే, కండ తగ్గకపోతే మూడు నెలలు ఆగొచ్చు. రాత్రి మోచేతికి టవల్ చుట్టి మడతపడకుండా పడుకోండి, టేబుల్ అంచు మీద ఆనించకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు; పోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నరం పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, ‘నెలలో పట్టు వస్తుంది’ అన్న మాట నమ్మకండి.

డిశ్చార్జ్ సమ్మరీలో ఉత్త ‘నరం సర్జరీ’ అని రాస్తే ఒప్పుకోవద్దు. వదులు చేశారా, చర్మం కిందికి మార్చారా, కండరం కిందికా అన్నది రాయించుకోండి. మళ్లీ తెరవాల్సి వస్తే నరం ఎక్కడుందో ఆ సర్జన్‌కి తెలియాలిగా.