మల్లె కుండీ మిశ్రమం: ఉక్కపోత వాతావరణంలో దాని తీరు

కుండీల్లో మల్లె పెంచేవారి కోసం ప్రత్యేకంగా తయారుచేశామని చెబుతూ సంచుల్లో అమ్మే మట్టిలేని మిశ్రమం గురించి ఈ సమీక్ష. తయారీదారు పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు. కొబ్బరి పొట్టు ప్రధానంగా ఉండే ఈ తరహా మిశ్రమాలు ఎన్నో పేర్లతో దొరుకుతున్నాయి కనుక, సంచి మీది పేరు కంటే లోపల ఉన్న సరుకు ముఖ్యం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎండ కాస్తూ పొడిగాలి వీచే చోట ఇది చక్కగా పనిచేస్తుంది గానీ, ఎండతోపాటు గాలిలో తేమ కూడా విపరీతంగా ఉండే చోట సంచిలోంచి తీసి నేరుగా కుండీలో నింపడానికి పనికిరాదు. "అన్ని వాతావరణాలకు అనువైనది" అన్న సంచి మీది మాటను నమ్మనవసరం లేదు.

సరుకు విషయానికొస్తే, సగానికి పైగా సన్నటి కొబ్బరి పొట్టు, మిగిలినదాంట్లో వర్మీకంపోస్టు, కొంత వేపపిండి, కంటికి ఆనీ ఆననంత పెర్లైట్ (గాలి ఆడేందుకు కలిపే తేలికైన తెల్లటి పలుకులు) ఉన్నాయి. తడిపిన మిశ్రమాన్ని పిడికిట పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. పిడికిలి విప్పాక ముద్ద విడిపోకుండా అలాగే నిలిచింది. గాలి ఆడే మిశ్రమమైతే వేలితో తాకగానే రాలిపోవాలి. ఇంకో మాట: దీన్ని బరువు లెక్కన అమ్ముతున్నారు, ఆ బరువులో నీటి వాటా ఎంతో సంచి మీద రాయలేదు. కుండీ నింపేవారికి కావలసింది లీటర్ల లెక్క.

మొదటిసారి నీళ్లు పోసినప్పుడు కుండీ అడుగునుంచి టీ రంగు నీరు వస్తుంది. అది పొట్టులో సహజంగా ఉండే టానిన్లనే వగరు పదార్థాల రంగు, దానివల్ల భయం లేదు. అయితే ఆ తరువాత కుండీ అంచున తెల్లటి పొరలాగా పేరుకునేదాన్ని మాత్రం పట్టించుకోవాలి. కొబ్బరి పొట్టును సరిగ్గా కడగకుండా ఎండబెడితే అందులో సోడియం, పొటాషియం లవణాలు మిగిలిపోతాయి. వాటివల్ల ఆకుల అంచులు మాడుతాయి, మొక్కకు కాల్షియం సరిగా అందదు. ఈ సంచిలోని పొట్టు ఓ మోస్తరుగానే కడిగినట్టుంది. నాటడానికి ముందు మిశ్రమాన్ని మంచినీళ్లతో ఒకటి రెండు సార్లు బాగా తడిపి, నీరంతా దిగిపోనివ్వడం మేలు. వర్మీకంపోస్టు సారం కొంత కొట్టుకుపోయినా తరువాత వేసుకోవచ్చు.

అసలు చిక్కు నీటి దగ్గరే ఉంది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు ఆకుల నుంచి నీరు ఆవిరి కావడం మందగిస్తుంది, ఆ మేరకు వేళ్లు పీల్చుకునే నీరు కూడా తగ్గుతుంది. ఎండ మండుతున్నది కనుక మొక్కకు దాహం వేస్తూ ఉంటుందని మనం అనుకుంటాం గానీ, ఉక్కగా ఉన్న రోజున మల్లె తాగేది మనం ఊహించినంత ఉండదు. ఈ మిశ్రమమేమో తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. పైపొర ఎండకు త్వరగా ఆరి లేతరంగుకు మారడంతో, చూసినవారు తడి లేదనుకుని మళ్లీ పోస్తారు. పొడుగాటి వెదురు పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి తీస్తే సంగతి తెలుస్తుంది: పైన రెండంగుళాలు పొడిగా, కింద సగం నల్లగా, తడిగా ఉంటుంది. అడుగున అలా నిలిచిన తడిలో వేళ్లకు గాలి అందక కుళ్లు మొదలవుతుంది. ఆకులు వాడిపోయినట్టు వేలాడతాయి. అది చూసి ఇంకా నీళ్లు పోస్తే మొక్క దక్కదు. సంచితో వచ్చిన కరపత్రంలో మాత్రం "వేసవిలో ప్రతిరోజూ నీరు పెట్టాలి" అని ఒకే ఒక వాక్యం ఉంది.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందని అదే కరపత్రం సలహా ఇస్తోంది. ఇది పాత అపోహ. సన్నటి మిశ్రమం కింద ముతక పొర ఉంటే నీరు ఆ రెండింటి మధ్య ఆగిపోతుంది, తడి పొర ఇంకాస్త పైకి, అంటే వేళ్లకు మరింత దగ్గరగా చేరుతుంది. అంతకంటే మిశ్రమం మొత్తాన్నీ ముతకగా మార్చుకోవడమే సరైన పని. రెండు పాళ్ల మిశ్రమానికి ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి కలిపాక నీరు దిగే వేగం స్పష్టంగా మారింది. పిడికిట్లో పిండిన ముద్ద కూడా తాకగానే విడిపోయింది. ఇసుక సన్నదైతే ప్రయోజనం లేదు, సందులన్నీ పూడుకుపోతాయి. కుండీ వెడల్పు కంటే లోతు ఎక్కువగా ఉంటే ఇంకా మంచిది.

సంచితో పాటు ఒక చిన్న పొట్లంలో నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు ఇచ్చారు. ఆరు నెలలు పనిచేస్తాయని రాశారు. పైన పొర పూసిన ఇలాంటి గుళికల కాలపరిమితిని సాధారణంగా 21 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతకు లెక్కిస్తారు; వేడి పెరిగేకొద్దీ పోషకాలు త్వరత్వరగా బయటపడతాయి. అంటే వేడి ప్రాంతంలో మొదట్లో మోతాదు ఎక్కువై, ఆరు నెలలు నిండకముందే అయిపోతాయి. పైగా వీటిలో నత్రజని పాలు ఎక్కువ. నత్రజని మితిమీరితే మల్లె పొదంతా ఏపుగా పచ్చబడుతుంది తప్ప మొగ్గ వేయదు. సూచించిన దానిలో సగం వేయడమే క్షేమం.

ఆకులు పసుపుబారితే ఎరువు పెంచమని కరపత్రం చెబుతోంది. ఈ సలహా నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచింది. ముదురాకులు ముందు పసుపైతే నత్రజని తగ్గిందనో, వేళ్లు తడిలో మగ్గుతున్నాయనో అనుమానించాలి. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం మాత్రం పాలిపోతే అది ఇనుప ధాతులోపం. క్షారగుణం ఉన్న నీరు పోసేచోట ఇది మామూలే. దానికి లీటరు నీటికి 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేస్తారు. మూడు జబ్బులకూ ఒకటే మందు చెప్పడం కొనేవారికి న్యాయం కాదు.

వేపపిండి ఉంది కనుక చీడలు దరిచేరవనే హామీ కూడా అంతంతమాత్రమే. వేపపిండి మట్టిలోని కొన్ని పురుగులను, నులిపురుగులను కొంతవరకు అదుపు చేస్తుంది. మొగ్గకు కంత పెట్టి లోపల తినే మొగ్గతొలుచు పురుగును అది ఏమీ చేయలేదు. అలాంటి మొగ్గలను ఏరి పారేయాలి. ఉక్క ఎక్కువైన చోట వచ్చే ఆకుమచ్చ తెగులుకు కుండీల మధ్య దూరం, గాలి, ఆకులు తడపకుండా మొక్క మొదలు దగ్గరే నీరు పోయడం వంటివి కావాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలన్నది గానీ, మల్లె కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది కనుక పూత ముగిశాక కొమ్మలు కత్తిరించాలన్నది గానీ కరపత్రంలో ఎక్కడా లేదు. మల్లెల కోసమే అన్న పేరు పెట్టుకున్నాక కనీసం కత్తిరింపు గురించి నాలుగు వాక్యాలు రాసి ఉండవలసింది.

ఇంతా చెప్పి, ఈ సరుకు అచ్చంగా రాణించే పని ఒకటుందని ఒప్పుకోవాలి. కొమ్మ ముక్కలకు వేళ్లు తొడిగించడానికి ఇది చాలా బాగుంటుంది. మరీ లేతగా గానీ మరీ ముదురుగా గానీ లేని కొమ్మను నాలుగైదు అంగుళాల ముక్కలుగా కోసి, కింది ఆకులు తీసి, చిన్న కప్పుల్లో గుచ్చి నీడన ఉంచితే, గాలిలోని తేమ ఆ ముక్కలను వాడనివ్వదు, మెత్తటి పొట్టులో వేళ్లు సులువుగా పాకుతాయి. ఈ పనికి కూడా అడుగున కన్నాలున్న కప్పులే వాడాలి, గుళికలు వేయకూడదు. అందుకే పెద్ద సంచి జోలికి పోకుండా చిన్నది తీసుకుంటే చాలు. తెరిచాక మిగిలినదాన్ని మూతి బిగించి పొడిచోట పెట్టకపోతే ఈ వాతావరణంలో బూజు పడుతుంది.